సుగిత గెన్‌పకు: జపానులో ఐరోపా విద్యకు ఏర్పడిన పండిత పరంపర

క్రీ.శ. 1639లో పోర్చుగీసువారిని వెడలగొట్టిన పిమ్మట జపాను ప్రభుత్వము ఐరోపా జాతులలో ఒక్క డచ్చివారికి మాత్రమే వర్తకమునకు అనుమతి మిగిల్చినది. 1641లో వారి కోఠీని హిరాదో నుండి నాగసాకి రేవులోని దెజిమ అను చిన్న కృత్రిమ ద్వీపమునకు మార్చినది. మచిలీపట్టణమున 1605 నుండి కోఠీ నడపిన కంపెనీయే అక్కడను వర్తకము చేసినది. చోళమండల తీరపు నూలుబట్టలు ఆ ఓడలలోనే జపానుకు చేరెడివి. తెలుగువారు హాలండు దేశస్థులను వలందావారనిరి. బందరులో వలందపాలెము నేటికిని ఆ పేరు నిలుపుకొన్నది. జపానీయులు ఒరంద అనిరి. రెండును హోలాండా అను పోర్చుగీసు ఉచ్చారణము నుండి పుట్టినవే. ఆ ఒరందలోని రం అను అక్షరమునకు విద్య అను అర్థము గల గకు శబ్దము చేర్చగా రంగకు, అనగా డచ్చివిద్య, అను శాస్త్రనామము ఏర్పడినది. ఈ విద్యకు ఎదో నగరములో, అనగా నేటి టోక్యోలో, పీఠమేర్పరచినవారిలో ముఖ్యుడు సుగిత గెన్‌పకు.

అతని కాలమునకు ముందు డచ్చిభాష జపానులో లేకపోలేదు. నాగసాకిలో ఆ భాషయే వృత్తిగా గల దుబాసీ కుటుంబములు వంశపారంపర్యముగా నుండినవి. అయితే వారి విద్య ప్రధానముగా చెవికి సంబంధించినది, సరకుల లెక్కలకు సంబంధించినది. క్రైస్తవమతభీతిచే పాశ్చాత్య గ్రంథముల దిగుమతిపై నిషేధముండెను. 1720లో షోగును యొషిమునె మతసంబంధము లేని గ్రంథముల విషయమున ఆ నిషేధమును సడలించి, తరువాత అయొకి కొన్‌యో, నొరొ గెన్‌జో అను ఇరువురు పండితులను డచ్చిభాష నేర్వుమని నియోగించినాడు. డచ్చి కోఠీ అధిపతి ఏటేట ఎదోకు వచ్చి షోగును దర్శనము చేసికొనుట ఆచారము. అతడు విడిది చేసిన కొలది దినములలో, దుబాసీల ద్వారమున అడిగి తెలిసికొన్నంత మేరకే వారి చదువు సాగినది. కొన్ని వందల పదముల పట్టికలు తయారైనవి. గ్రంథపఠనము వరకు అది పోలేదు.

గెన్‌పకు 1733లో ఎదోలోని ఒబమ సంస్థానాధిపతి నివాసములో జన్మించినాడు. ప్రసవసమయముననే తల్లి గతించినది. తండ్రి ఆ సంస్థానపు వైద్యుడు. బాల్యములో కొన్ని సంవత్సరములు సముద్రతీరమునందలి ఒబమలో గడపి, మరల ఎదో చేరి, నిషి గెన్‌తెత్సు వద్ద శస్త్రవైద్యమును, మియసె ర్యూమొన్ వద్ద చీనా శాస్త్రవాఙ్మయమును అభ్యసించినాడు. ఇరువది యేండ్ల ప్రాయమున సంస్థాన వైద్యుడై, 1757లో నిహొన్‌బషి ప్రాంతమున స్వంత వైద్యశాల తెరచినాడు. అప్పటి డచ్చి పద్ధతి శస్త్రవైద్యమనగా లేపనములు, పట్టీలు, కొన్ని తైలములు. అంతకు మించి లోతు లేదు.

1754లో క్యోతో నగరమున యమవకి తోయో అను వైద్యుడు ప్రభుత్వానుమతితో, మరణదండన పొందిన నేరస్థుని శరీరమును కోయించి చూచి, 1759లో ఆ విషయమై గ్రంథము ప్రకటించినాడు. ఆనాడు అనుమతి నొసగిన క్యోతో రాజప్రతినిధి ఒబమ సంస్థాన ప్రభువే. చూచినవారిలో ఆ సంస్థాన వైద్యుడు కొసుగి గెన్‌తెకి ఒకడు. ఈ వార్త యువకుడైన గెన్‌పకు మనస్సులో నాటినది. తాను తరువాత చేసిన కృషికి దీనిని బీజముగా గ్రహింపవచ్చును.

డచ్చిభాషతో అతని మొదటి పరిచయము మాత్రము నిరుత్సాహకరముగనే ముగిసినది. 1766లో అతడు మయెనొ ర్యోతకుతో కలసి ఎదోలో డచ్చివారు దిగెడి నగసకియ అను విడిదికి వెళ్లి, నిషి జెన్‌జబురొ అను ప్రధాన దుబాసీని కలిసికొన్నాడు. ఆ దుబాసీ ఎదోలో కూర్చుండి ఈ భాష నేర్చుట దుస్సాధ్యమని, త్రాగు అను ఒక్క క్రియకు గల అర్థఛాయలు తెలియుటకే ఎంత కాలము పట్టునో ఉదాహరించి చూపి, ఆ యత్నము మానుమని హితవు చెప్పినాడు. గెన్‌పకు మానినాడు. ర్యోతకు మానలేదు. ర్యోతకు నకత్సు సంస్థాన వైద్యుడు. గెన్‌పకు కంటె పదేండ్లు పెద్ద. అయొకి కొన్‌యో వద్ద పాఠము చెప్పించుకొని, 1770 ప్రాంతమున నాగసాకి యాత్ర చేసి, కొన్ని వందల పదములు, కొన్ని గ్రంథములు సంపాదించుకొని తిరిగివచ్చినాడు. ఇరువురి స్వభావభేదము ఇక్కడనే తెలియుచున్నది. ఒకడు సాధ్యాసాధ్యములను తూచి నడచువాడు, మరియొకడు పట్టినది విడువనివాడు. తరువాతి గ్రంథమునకు ఈ ఇరువురును ఆవశ్యకులైరి.

1771లో ఒబమ సంస్థానమునకే చెందిన నకగవ జున్‌ఆన్ డచ్చివారి విడిది నుండి ఒక గ్రంథము తెచ్చి గెన్‌పకునకు చూపినాడు. అది డాన్జిగ్ నగరాచార్యుడగు యోహాన్ ఆడమ్ కుల్ముస్ జర్మనుభాషలో రచించిన శరీరశాస్త్ర పట్టికలకు 1734 నాటి డచ్చి అనువాదము. గెన్‌పకునకు అందులో ఒక్క అక్షరమును తెలియదు. బొమ్మలు మాత్రము తాను చదివిన చీనా గ్రంథములలోని బొమ్మలకు పూర్తిగా భిన్నముగా నున్నవి. కొనుటకు ధనము చాలలేదు. సంస్థానపు అధికారి దయతలచి సంస్థాన ధనముతో కొనిపెట్టినాడు. అదే సమయమున కొజుకప్పర వధ్యస్థానమున శరీరవిచ్ఛేదము జరుగునని కబురు వచ్చినది. గెన్‌పకు ర్యోతకునకు కూడ వార్త పంపినాడు. 1771 ఏప్రిల్ 18వ తేదీ ఉదయము వారు కలిసికొన్నప్పుడు ర్యోతకు నాగసాకిలో కొన్న గ్రంథమొకటి బయటికి తీసినాడు. అదియు ఆ కుల్ముస్ గ్రంథమే!

ఆనాటి శరీరము సుమారు ఏబదియేండ్ల స్త్రీది. కోయుటకు నియమింపబడినవాడు జబ్బుపడగా అతని తాత, తొంబదియేండ్ల వృద్ధుడు, ఆ పని చేసినాడు. అతడు జపాను సమాజము అస్పృశ్యులుగా వెలివేసిన వర్గమువాడు. యౌవనము నుండి అనేక శరీరములను కోసిన అనుభవము కలవాడు. హృదయము, కాలేయము, జీర్ణాశయము అని చూపి, పేరు లేని మరికొన్ని భాగములను కూడ చూపి, ఇవి ప్రతి శరీరములోను ఇదే చోట ఉండినవని, ఇంతవరకు చూడవచ్చిన ఏ వైద్యుడును ఇవేమిటని అడుగలేదని చెప్పినాడు. గ్రంథమునందలి బొమ్మలతో పోల్చగా ఒక్కటియు తప్పలేదు. అంతకు ముందు షోగును ఆస్థాన వైద్యులు కొందరు పలుమార్లు విచ్ఛేదములు చూచి, అవి ప్రాచీన గ్రంథములతో సరిపడకపోగా, చీనా దేశీయుల శరీరములకును ఇతరుల శరీరములకును నిర్మాణములో భేదముండునేమో యని ఊహించిరి. శాస్త్రము తప్పుట కంటె శరీరము తప్పుటయే వారికి సులభముగా తోచినది. గెన్‌పకు మిత్రులు ఆ వధ్యస్థానమున చెల్లాచెదరుగా పడియున్న ఎముకలను కూడ ఏరి బొమ్మలతో సరిచూచినారు. శాస్త్రచరిత్రలో ఆ వృద్ధుని పేరు నిలువలేదు. జపానులో నూతన శరీరశాస్త్రమునకు తొలి పాఠము చెప్పినవాడు మాత్రము అతడే.

తిరిగివచ్చు త్రోవలో ముగ్గురును ఆ గ్రంథమును అనువదింప నిశ్చయించుకొన్నారు. మరునాడే తెప్పోజులోని నకత్సు సంస్థాన నివాసములో, ర్యోతకు ఇంట, పని ప్రారంభమైనది. నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు, గురువు లేడు. ర్యోతకునకు తెలిసిన కొలది పదములే ఆధారము. అందుచే వారు వచనమునకు పోక మొదట శరీర బాహ్యరూపమును చూపు పటమును పట్టుకొన్నారు. బయటి అవయవముల పేర్లు అందరికి తెలిసినవే కనుక, పటములోని గుర్తును బట్టి పదమును, పదమును బట్టి వాక్యమును ఊహింపవచ్చునని వారి యుక్తి. అయినను, కనుబొమ యనగా కంటి మీద మొలచిన వెంట్రుకలని చెప్పు ఒక్క వాక్యము తేలక దీర్ఘమైన వసంతదినమంతయు గడచిపోయినదట. తెలియని పదమునకు ఎదురుగా వలయములో అడ్డగీతల గుర్తు వేసి, ముందునకు సాగెడివారు. నెలకు ఆరేడు పర్యాయములు కూడెడివారు. ఒక సంవత్సరము గడచునప్పటికి దినమునకు పది పంక్తులు చదువగల స్థితికి వచ్చినారు.

ముక్కును గూర్చిన ఉదంతము ప్రసిద్ధము. ముక్కు వర్ణనములో ఫెర్‌హెఫెండ్ అను పదము తగిలినది. ర్యోతకు తెచ్చిన చిన్న పుస్తకములో, కొమ్మ నరికిన చోటు మానగా ఫెర్‌హెఫెండ్ అగునని, వాకిలి ఊడ్చి దుమ్ము పోగుచేసిన ఫెర్‌హెఫెండ్ అగునని ఉన్నది. దానిని బట్టి ఉబికియుండుట, ఉన్నతమగుట అను అర్థము గెన్‌పకునకు స్ఫురించినదట. అన్వయవ్యతిరేకములచే శబ్దార్థమును నిర్ణయించు మన వైయాకరణుల మార్గమునకు ఇది చక్కని ఉదాహరణమే. కాని కుల్ముస్ గ్రంథపు డచ్చి ప్రతిలో ముక్కును గూర్చిన భాగమున ఆ పదము లేదని తరువాతి పరిశోధకులు గుర్తించినారు. నలుబది సంవత్సరములు గడచిన పిమ్మట వృద్ధుడు చెప్పిన ముచ్చటలో ఒక స్థలము మారినంత మాత్రమున ఆ పద్ధతియే కల్పితమనుట తొందరపాటగును.

గెన్‌పకు ప్రతి సమావేశమునందు తేలిన అర్థమును ఆ రాత్రియే ఇంటికి పోయి వ్రాసి ఉంచెడివాడు. దుర్బలశరీరుడగుటచే గ్రంథము ముగియు లోపల తాను గతించుదునేమో యని తొందరపడెడివాడు. మిత్రులు అందులకై అతనిని పరిహసించెడివారు. పదునొకండు సార్లు ప్రతిని తిరుగవ్రాసినాడు. క్రమముగా షోగును ఆస్థానవైద్య కుటుంబమునకు చెందిన యువకుడు కత్సురగవ హొషు, ఇషికవ గెన్‌జో మొదలగువారు కూడినారు. ఇంచుమించు మూడున్నర సంవత్సరములకు గ్రంథము పూర్తియైనది.

పరిభాష విషయమున వీరు చేసిన పని సంస్కృతాంధ్ర పండితులకు విశేషముగా ఆసక్తికరమైనది. గ్రంథమును జపాను వాడుకభాషలో గాక సాహిత్య చీనాభాషలో రచించినారు. తెలుగునకు సంస్కృతమెట్లో శాస్త్రవిషయమున జపానీయభాషకు చీనాభాష అట్టిది. అనువాదము మూడు విధములని పీఠికలో నిరూపించినారు. తెలిసిన వస్తువునకు తెలిసిన పేరు పెట్టుట మొదటిది, ఎముకలకు ఎముకలనుటయే. రెండవది అర్థమును బట్టి కొత్త శబ్దము కల్పించుట. డచ్చిలో క్రాక్‌బేన్ అను పదమున బేన్ అనగా ఎముక. క్రాక్ అను భాగమును మెత్తదనమునకు అన్వయించి నాన్‌కొత్సు, మెత్తని ఎముక, అనినారు. ఈనాటి తెలుగు పరిభాషలోని మృదులాస్థి సరిగా ఆ నిర్మాణమే. సుశ్రుతుని తరుణాస్థి కూడ ఆ ఛాయకు చెందినదే. మూడవది అర్థము కుదరనపుడు ధ్వనిని యథాతథముగా నిలుపుట. గ్రంథి అను అర్థము గల క్లీర్ శబ్దమునకు సమానము దొరకక కిరీరు అని వ్రాసికొన్నారు.

వీటిలో షిన్‌కెయి అను పదము చిరకాలము నిలిచినది. డచ్చి జేనువ్ శబ్దము చెప్పు వస్తువు చీనా వైద్యములో లేదు. చైతన్యమును సూచించు షిన్ అను దానిని, శరీరములోని మార్గములను తెలుపు కెయి అను దానిని కలిపి ఈ మాటను సృష్టించినారు. నేటికిని జపానులోను, చీనాలోను నాడి యను అర్థమున అది వ్యవహారములో ఉన్నది. ఆ కెయి అక్షరమునకు మూలార్థము మగ్గపు పడుగు, నూలుపోగు. పూర్వము బౌద్ధభిక్షువులు సంస్కృత సూత్రశబ్దమును చీనాభాషలోనికి తెచ్చినపుడు ఎన్నుకొన్న అక్షరము కూడ ఇదే. మొదటి విధమగు అనువాదమునకు వీరుంచిన హొన్‌యకు అను పేరు సైతము ఆ భిక్షువుల వ్యవహారములోనిదే. కుమారజీవ, హుయెన్‌త్సాంగుల సంప్రదాయమే ఇట్లు వేయి సంవత్సరముల తరువాత ఐరోపా వైద్యమునకు దారి ఇచ్చినది.

ప్రకటన విషయమున భయము లేకపోలేదు. 1765లో గొతొ రిషున్ అనునతడు డచ్చివారిని గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమున వారి అక్షరమాలను అచ్చువేసినందులకు దానిని నిలిపివేసినారు. అందుచే గెన్‌పకు 1773లో మొదట కొన్ని పటములను మాత్రము ప్రచురించి, లోకము ఎట్లు స్వీకరించునో పరీక్షించినాడు. ఆక్షేపము రాలేదు. 1774లో కయితయి షిన్‌షో, అనగా శరీరవిచ్ఛేద నవగ్రంథము, ఐదు సంపుటములుగా వెలువడినది. పటములు అకిత సంస్థానపు చిత్రకారుడు ఒదనొ నావొతకె చిత్రించినాడు. నాగసాకి దుబాసీ యొషివొ కోగ్యూ పీఠిక వ్రాసినాడు. కత్సురగవ వారి ద్వారమున ఒక ప్రతి షోగునునకు చేరినది. క్యోతోలోని రాజసభాప్రముఖులకు కూడ ప్రతులు పంపినారు. పెద్దల చేత పడిన గ్రంథమును నిషేధించుట కష్టమని గెన్‌పకు ఎరుగును.

అయితే ఆ గ్రంథముపై ర్యోతకు పేరు లేదు. భాష తెలిసినవాడు అతడొక్కడే. అతడు లేనిదే ఆ గ్రంథము లేదు. కీర్తి కొరకు ఈ విద్యను అభ్యసింపనని దైవసన్నిధిని ప్రతిజ్ఞ చేసియుండుటచే పేరు వలదన్నాడని ఒక కారణము చెప్పుదురు. అనువాదము ఇంకను అపరిపక్వమని, అట్టిదానిని ప్రకటించుట అతనికి సమ్మతము కాలేదని మరియొక కారణము. రెండవది అతని స్వభావమునకు దగ్గరగా నున్నది. కుల్ముస్ గ్రంథమున మూలము కంటె విపులమైన వివరణములను ఇందు చాలవరకు విడిచినారు, దోషములును కలవు. గెన్‌పకు దోషములున్నవని తెలిసియే ప్రకటించినాడు. తన గ్రంథము తుది మాట కాదని, త్రోవ తెరచినచో వెనుక వచ్చువారు సవరింతురని అతని తలంపు. సహృదయులు ఇరువురిలో ఎవరి పక్షమైనను వహింపవచ్చును. ర్యోతకు మార్గమున గ్రంథము మరి ఇరువదియేండ్లు ఆలస్యమై యుండెడిది; అప్పుడు వెనుక వచ్చువారే లేకపోయెడివారు. కాని అసలు పండితుని పేరు లేని ముఖపత్రము ఒక వెలితిగనే మిగిలినది.

గ్రంథము కంటె గొప్పగా గెన్‌పకు చేసిన పని తరువాత జరిగినది. ఉత్తరాన ఇచినొసెకి సంస్థానములో తతెబె సెయిఆన్ అను వృద్ధవైద్యుడు డచ్చివైద్యమును గూర్చిన తన సందేహములను 1770లో ఒక లేఖగా వ్రాసి శిష్యుని చేతికిచ్చి, ఎదోలో సమాధానము చెప్పగలవానిని వెదకుమని పంపినాడు. ఆ లేఖ ఆలస్యముగా గెన్‌పకునకు చేరినది. అప్పటికి అతడు సరిగా ఆ ప్రశ్నలతోనే పెనుగులాడుచుండెను. వారి నడుమ లేఖలు సాగినవి. 1795లో శిష్యులు వాటిని ప్రశ్నోత్తర గ్రంథముగా ప్రచురించినారు. సెయిఆన్ తన కుమారునొకనిని, శిష్యుడు ఓత్సుకి గెన్‌తకును గెన్‌పకు వద్దకు పంపినాడు. ఆ కుమారుని గెన్‌పకు దత్తు చేసికొని హకుగెన్ అను పేర తన వైద్యపీఠమునకు వారసుని చేసినాడు. గెన్‌తకు తన పేరులోని రెండు భాగములను గెన్‌పకు, ర్యోతకు అను ఇరువురు గురువుల పేర్ల నుండి గ్రహించినాడు. గ్రంథముఖమున కలియని పేర్లు శిష్యుని పేరులో కలిసినవి.

గెన్‌తకు 1786లో ఎదోలో షిరందో అను విద్యాలయము స్థాపించి, 1788లో డచ్చివిద్యకు ప్రవేశగ్రంథము ప్రకటించినాడు. దేశపు నలుమూలల సంస్థానముల నుండి విద్యార్థులు వచ్చినారు. 1795 జనవరి 1వ తేదీన, ఐరోపా పంచాంగము ననుసరించి, అక్కడ డచ్చి సంవత్సరాది విందు జరిపినారు. గురువు ఆజ్ఞచే గెన్‌తకు కయితయి షిన్‌షోను సవరించి, విడిచిన వివరణములను కూడ అనువదించి 1798లో ముగించినాడు. ఆ ప్రతి 1826లో గాని అచ్చుకాలేదు. ఈలోపల జున్‌ఆన్, హొషు 1776లో ఎదోకు వచ్చిన స్వీడను వృక్షశాస్త్రవేత్త థున్‌బెర్గు వద్ద పాఠములు చెప్పించుకొని, అతడు స్వదేశము చేరిన తరువాతను లేఖలు నడిపినారు. 1796లో ఇనమురా సన్‌పకు మొదలగువారు హాల్మా నిఘంటువును ఆధారముగా గైకొని తొలి డచ్చి-జపానీ నిఘంటువును వెలువరించినారు. 1811లో ప్రభుత్వమే అనువాదశాల నొకదానిని ఏర్పరచి గెన్‌తకును నియమించినది. దాచి చదివిన విద్య అధికారవిద్యగా మారుటకు నలుబది సంవత్సరములు పట్టినది.

ఈ పరంపరలో అపశ్రుతులు కూడ కలవు. ఉదగవ గెన్‌షిన్ అను ప్రతిభావంతుని గెన్‌పకు దత్తు చేసికొని, అతడు దుర్వ్యసనముల పాలుకాగా ఇంటినుండి వెడలగొట్టినాడు. గెన్‌షిన్ దారిద్ర్యములో నిఘంటునిర్మాణమునకు తోడ్పడుచు కుదుటపడి, ఉదగవ వంశమునకు వారసుడై, మరల గెన్‌పకు ఆదరము పొందినాడు. గురువులు కిరీరు అని ధ్వనిమాత్రముగా విడిచిన గ్రంథికి 1805లో ఒక కొత్త అక్షరమునే సృష్టించినవాడు ఇతడే. ఇతని శిష్యుడు త్సుబొయి షిన్‌దో. అతని శిష్యుడు ఒసాకాలో విద్యాలయము నడిపిన ఒగత కోఆన్. అతని శిష్యుడు ఫుకుజవ యుకిచి. వెడలగొట్టబడిన దత్తపుత్రుని ద్వారముననే ఆ విద్య నవీన జపాను వరకు ప్రవహించినది.

గెన్‌పకు వైద్యునిగా ధనమును గౌరవమును గడించి, 1805లో షోగును దర్శనము పొందినాడు. ర్యోతకు 1803లోనే గతించినాడు. జున్‌ఆన్, హొషు అంతకుముందును తరువాతను గతించగా, ఆనాటి కొజుకప్పర మిత్రబృందములో తానొక్కడే మిగిలినట్లయినది. తన పిమ్మట ఈ ఆరంభకథ తప్పుగా చెప్పుకొందురను శంకతో 1815లో జ్ఞాపకములను వ్రాసి, సరిచూచుటకు గెన్‌తకునకు పంపినాడు. అదియే రంగకు కొతొహజిమె. గ్రంథముఖమున లేని ర్యోతకు పేరు ఇందులో అడుగడుగున కనిపించును. అతడే ఆ కృషికి నాయకుడని గెన్‌పకు స్పష్టముగా వ్రాసినాడు. 1817 జూన్ 1వ తేదీన అతడు మరణించినాడు.

ఆ జ్ఞాపకములు అచ్చుకాలేదు. సుగిత వంశీయుల యొద్ద నున్న ప్రతి 1855 నాటి ఎదో భూకంపములో అగ్నికి ఆహుతియైనది. ఇక లేదనుకొన్న పిదప, షోగునుల పాలన ముగియుచున్న రోజులలో, కన్‌ద తకహిర అను పండితునకు యుషిమ వద్ద వీధి అంగడిలో పాత పుస్తకముల మధ్య ఒక వ్రాతప్రతి దొరికినది. అది గెన్‌తకునకు పంపినదానికి చేరిన ప్రతి. ఫుకుజవ యుకిచి మిత్రునితో కూడ దానిని పలుమార్లు చదివి, ఆనాటివారి శ్రమను తలచుకొని కన్నీరు పెట్టుకొన్నట్లు తెలిపినాడు. 1869లో అతడే పూనుకొని దానిని అచ్చువేయించినాడు. ఫుకుజవ కూడ నకత్సు సంస్థానమువాడే. 1858లో సంస్థానపు ఆజ్ఞచే అతడు డచ్చి పాఠశాల తెరచినది తెప్పోజులోని ఆ నివాసములోనే. ఎనుబదియేడు సంవత్సరములకు పూర్వము ముగ్గురు వైద్యులు కుల్ముస్ గ్రంథమును ముందుంచుకొని కూర్చున్న ఇల్లు ఆ ఆవరణలోనిదని అప్పటికి ఫుకుజవకు తెలియదు.